ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌లో పది మందికి ఆర్డర్: ఏం చెప్పాలి, ఏం అడగాలి?

కొండాపూర్_సత్య
అందరికీ నమస్తే. ఆదివారం మధ్యాహ్నం పది మందిమి కలిసి ఒక ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌కి వెళ్తున్నాం. హైదరాబాద్‌లో ఇప్పుడు అన్ని చోట్లా కనిపించే రకమే. మెనూలో మంచూరియా, చిల్లీ చికెన్, హక్కా నూడుల్స్ ఉంటాయి, థాయ్ కర్రీ, సుషీ (జపాన్ అన్నం చుట్టలు), డిమ్‌సమ్ (లోపల కూరిన చైనా ముద్దలు, ఆవిరి మీద ఉడికించినవి), రామెన్ (జపాన్ నూడుల్స్ సూప్) ఉంటాయి, గుంటూరు కారం పూసిన బావో (ఆవిరి మీద ఉడికించిన బన్ను) లాంటి కలగలుపులూ ఉంటాయి. మాలో నలుగురు శాకాహారులు, అందులో ఇద్దరు గుడ్డు కూడా ముట్టరు. ఒక బాబుకి వేరుశెనగ పడదు. ఇద్దరు పెద్దవాళ్లకి అన్నం లేకపోతే భోజనం చేసినట్టుండదు. ఏ క్రమంలో ఆర్డర్ ఇవ్వాలి? మెనూలో ఆకుపచ్చ చుక్క ఉన్నవన్నీ నిజంగా వెజ్ అనుకోవచ్చా? ఒకేసారి అన్నీ చెప్పేస్తే చల్లారిపోతాయని ఒకరు, చెప్పకపోతే ఆలస్యమవుతుందని ఒకరు అంటున్నారు. వివరంగా చెప్పగలరు.

వోక్‌మంట
సత్య గారూ, ముందు కిచెన్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఆర్డర్ ఎలా ఇవ్వాలో దానంతటదే అర్థమవుతుంది. ఇలాంటి చోట సాధారణంగా నాలుగు విభాగాలుంటాయి. వోక్ (పెద్ద మంట మీద పెట్టే లోతైన చైనా బాణలి) దగ్గర ఒకరిద్దరు, ఫ్రయ్యర్ దగ్గర ఒకరు, డిమ్‌సమ్ ఆవిరి దగ్గర ఒకరు, సుషీ, సలాడ్ లాంటి చల్లటి వాటికి ఒకరు. మీరు వోక్ ఐటమ్స్ ఆరు చెప్పి మిగతావి వదిలేస్తే వోక్ దగ్గరున్నవాళ్ల మీదే లైను పడుతుంది. మిగతా ముగ్గురూ ఖాళీగా ఉంటారు, మీ టేబుల్ మాత్రం ఎదురుచూస్తుంది. మొదటి ఆర్డర్‌లో తలా ఒక చోటి నుంచి తీసుకోండి: ఆవిరి మీది డిమ్‌సమ్ రెండు బుట్టలు, ఫ్రయ్యర్ నుంచి ఒకటి, సుషీ ఒకటి, సూప్. అన్నీ పది పదిహేను నిమిషాల్లో దగ్గర దగ్గరగా వస్తాయి.

రెండో ముఖ్యమైన సంగతి: ఫ్రైడ్ రైస్, నూడుల్స్ ఎప్పుడూ ఒకే ఐటమ్ నాలుగు ప్లేట్లు ఒకేసారి చెప్పకండి. రెస్టారెంట్ వోక్ బర్నర్ మంట ఇంటి పొయ్యి కంటే పది రెట్ల దాకా ఉంటుంది. అయినా వోక్‌లో రెండు ప్లేట్ల సరుకు దాటితే ఇనుము వేడి పడిపోతుంది. అన్నంలో, కూరగాయల్లో ఉన్న నీరు ఆవిరై ఎగిరిపోవాల్సింది పోయి అక్కడే నిలిచిపోతుంది. అన్నం వేగదు, ఉడుకుతుంది. పొగ వాసన రాదు, క్యాబేజీ మెత్తబడి కింద నీళ్లు ఊరతాయి. రద్దీలో ఉన్న వంటవాడు నాలుగు ప్లేట్లూ ఒకే వోక్‌లో వేసేస్తాడు, అతన్ని తప్పు పట్టలేం. మీరే రెండు రైస్ ముందు, నూడుల్స్ రెండు పావుగంట తర్వాత అని చెప్పండి. స్టార్టర్లు సగం అయ్యాక "ఇప్పుడు మెయిన్స్ మొదలుపెట్టండి" అని చెప్పే పద్ధతి ఏ చోటైనా ఒప్పుకుంటారు. ముందుగా చెప్పాలి, అంతే.

అల్లంవెల్లుల్లి
వోక్‌మంట గారు చెప్పినదానికి మంచూరియా సంగతి కలుపుతాను. ఎక్కువ ఫిర్యాదులు దాని మీదే కాబట్టి.

గోబీ మంచూరియా మెత్తబడటానికి మూడు కారణాలు. ఒకటి, గోబీని ఉప్పునీళ్లలో నిమిషం ఉడికించి తీసి, తడి ఆరకుండానే పిండిలో ముంచడం. లోపలి నీరు పైకి వచ్చి పిండి పొరని లోపలి నుంచే మెత్తబరుస్తుంది. రెండు, ఒకసారే వేయించడం. 160–170 డిగ్రీల నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేయించి, తీసి ఆరనిచ్చి, ఆర్డర్ వచ్చాక 185–190 దగ్గర ఒక నిమిషం మళ్లీ వేయించాలి. రెండో వేపులో పైపొరలో మిగిలిన తడి పోతుంది. మూడు, సాస్‌లో ఉంచిన సమయం. సాస్ వోక్‌లో చిక్కబడ్డాక ముక్కలు వేసి నాలుగైదు సార్లు ఎగరేసి దించేయాలి. గ్రేవీ మంచూరియా అయితే పది నిమిషాల్లో కరకర పోవడం దాని స్వభావం, అందులో తప్పేం లేదు. అందుకే టేబుల్‌కి డ్రై చెప్పుకోండి. గ్రేవీ కావాలంటే అన్నంతో పాటే రావాలని చెప్పండి, స్టార్టర్‌గా కాదు.

పిండి పొర చూడాలంటే ఒక ముక్కని మధ్యకి విరవండి. గోబీ చుట్టూ పొర కాగితమంత పలచగా ఉంటే మంచి చేయి. వేలు మందం ఉండి, లోపల తెల్లగా జిగురుగా కనిపిస్తే మైదా ఎక్కువైంది, నూనె వేడి చాలలేదు. మైదా, కార్న్‌ఫ్లోర్ సమానంగా, పైన ఒక చెంచా బియ్యప్పిండి వేస్తే పొర పెళుసుగా వస్తుంది. ఒట్టి మైదా అయితే సాగుతుంది.

సాస్ జిగటగా, జెల్లీలా వణుకుతూ వస్తే కార్న్‌ఫ్లోర్ ఎక్కువ. ప్లేటుకి ఒక టీచెంచా పావు కప్పు చల్లటి నీళ్లలో కలిపితే చాలు. అది గిన్నె అడుక్కి దిగిపోతుంది కాబట్టి పోసే ముందు మళ్లీ కలపాలి. కలపకుండా పోస్తే ముందు పల్చటి నీళ్లు, తర్వాత ముద్దలు పడతాయి. వెనిగర్ చివర్లో వేయాలి. పులుపుతో ఎక్కువసేపు మరిగితే చిక్కదనం విడిపోయి సాస్ మళ్లీ పల్చబడుతుంది. ప్లేటు అంచున నీరు, మధ్యలో ముద్ద కనిపించిందంటే ఈ రెంటిలో ఏదో జరిగినట్టే.

ఆకుపచ్చచుక్క
శాకాహారుల ప్రశ్నకి నేను చెప్తాను. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఆకుపచ్చ చుక్క అంటే ముక్కలు కూరగాయలవి అనే అర్థంలో చాలామంది వాడతారు, సాస్‌ల దాకా ఎవరూ ఆలోచించరు.

థాయ్ కర్రీ పేస్టులో రొయ్యల ముద్ద ఉంటుంది. డబ్బాలో వచ్చే పేస్టుల్లో చాలావాటిలో కూడా ఉంటుంది. తర్వాత ఉప్పు కోసం ఫిష్ సాస్ పోస్తారు. వెజ్ గ్రీన్ కర్రీ అని ఆర్డర్ ఇస్తే చికెన్ తీసేసి బ్రకోలీ వేసి ఇచ్చే చోట్లు ఉన్నాయి. టోమ్‌యమ్ అనే థాయ్ పులుపు సూప్ పేస్టుకీ ఇదే మాట. సోమ్‌తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు, ఫిష్ సాస్ రెండూ పడతాయి. మీసో సూప్ చూడటానికి పప్పుచారులా అమాయకంగా ఉంటుంది గానీ దాని అడుగునీరు ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాచింది. వెజ్ రామెన్ అడుగునీరూ అంతే, చేపో కోడో పందో ఏదో ఒకటి ఉండొచ్చు. కిమ్చీలో (కొరియా క్యాబేజీ పచ్చడి) సాధారణంగా ఉప్పు రొయ్యలు లేదా ఫిష్ సాస్ ఉంటుంది. పాక్‌చోయ్ లాంటి ఆకుకూరలు వేయించిన ప్లేటులో ఆయిస్టర్ సాస్ పోస్తారు. పుట్టగొడుగులతో చేసిన వెజ్ ఆయిస్టర్ సాస్ కూడా దొరుకుతుంది కాబట్టి ఏది వాడారని అడగాలి. వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ చేప ఉంటుంది. ఎక్స్‌వో సాస్ అని కనిపిస్తే ఎండు రొయ్యలే.

గుడ్డు ముట్టని వాళ్లకి: రామెన్ నూడుల్స్, ఎగ్ నూడుల్స్, టెంపురా (జపాన్ బజ్జీలాంటి వేపుడు) పిండి, మయోనీజ్, కొన్ని డిమ్‌సమ్ పొరలు. బియ్యం నూడుల్స్ భద్రం.

ఎలా అడగాలో అది కూడా ముఖ్యం. "వెజ్జేనా?" అంటే "అవునండి" అనే జవాబే వస్తుంది. "ఇందులో ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్, రొయ్యల పేస్టు ఉన్నాయా? సూప్ అడుగునీరు దేనితో చేశారు?" అని పేరు పెట్టి అడగండి. అప్పుడే వెయిటర్ లోపలికి వెళ్లి కనుక్కొస్తాడు. ఒకే వోక్ కడిగి రెంటికీ వాడటం, ఒకే నూనెలో రొయ్యలూ స్ప్రింగ్ రోల్సూ వేయించడం మామూలు. అది కూడా మీ వాళ్లకి అభ్యంతరమైతే ఫ్రయ్యర్ ఐటమ్స్ మానేసి, వెజ్‌కి వేరే వోక్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. ఆదివారం మధ్యాహ్నం టేబుల్ దగ్గర కూర్చుని అడిగితే లాభం లేదు.

ఫ్రిస్కో_రావు
బాబు వేరుశెనగ విషయం అన్నిటికంటే ముందు రావాలి. టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పండి, కూర్చోగానే మళ్లీ చెప్పండి, ఆర్డర్ ఇచ్చేటప్పుడు మూడోసారి చెప్పి ఆర్డర్ చీటీ మీద రాయించండి. "పల్లీలు వద్దు" అంటే ఇష్టం లేదనుకుని పైన చల్లినవి తీసేసి ఇస్తారు. "పల్లీలు తగిలితే బాబుని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తుంది" అని స్పష్టంగా అనండి.

మానేయాల్సినవి: సాటే సాస్, ప్యాడ్‌థాయ్, సోమ్‌తమ్, మసమన్ కర్రీ, గాడోగాడో, పైన కరకరలాడే చిల్లీ ఆయిల్ వేసిన డిమ్‌సమ్. ఆ చిల్లీ ఆయిల్ సీసాల్లో కొన్నింటిలో వేయించిన పల్లీలు కలిసే ఉంటాయి. మన తెలుగు రాష్ట్రాల్లో అదనంగా చూడాల్సింది వేపుడు నూనె. పల్లీ నూనె వాడతారేమో అడగండి, ముఖ్యంగా గానుగ నూనె అని గొప్పగా రాసుకున్న చోట. డ్రాగన్ చికెన్‌లో జీడిపప్పు వేస్తారు. అది వేరుశెనగ కాదు గానీ ఒకే గరిటె, ఒకే డబ్బా దగ్గర కలిసే అవకాశం ఉంది.

ఇక్కడ అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా ప్రధాన అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేరాయి, ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాలి. అందుకే ఇండో చైనీస్ చోట్ల కూడా సాస్ సీసా లేబుల్ చూపించమంటే చూపిస్తారు. హైదరాబాద్‌లోనూ అడగొచ్చు. సీసా మీద ఉన్నది చదివి చెప్పమనడంలో మొహమాటం ఏం లేదు.

చిన్నక్క
డాక్టర్ రాసిచ్చిన అత్యవసర మందు కారులో కాదు, టేబుల్ దగ్గర సంచిలో ఉండాలి. బాబుకి ముందు వేరే చెంచాతో వేరే ప్లేటులో వడ్డించాకే మిగతావాళ్లు మొదలుపెట్టండి. పది మంది ఉన్న టేబుల్ మీద చెంచాలు మారిపోతాయి.

బంజారా_భోజనం
ఇన్ని జాగ్రత్తలు బాగానే ఉన్నాయి గానీ మంచూరియా తినడానికి అంత దూరం ఎందుకండీ? అది అసలు చైనా వంటే కాదు. అక్కడికి వెళ్తే సుషీ, రామెన్ తినాలి.

తంగ్రా_గల్లీ
బంజారా గారూ, చైనాలో లేదన్నది నిజమే, కానీ దాన్ని తక్కువ చేసి చూడక్కర్లేదు. కలకత్తాలో తిరెట్టా బజార్, తర్వాత తంగ్రా ప్రాంతాల్లో స్థిరపడ్డ చైనీయులు, ముఖ్యంగా తోలు పనిలో ఉన్న హక్కా కుటుంబాలు ఇక్కడి మిరపకాయలు, అల్లం, వెల్లుల్లితో వండుకున్న వంట ఇది. హక్కా నూడుల్స్ పేరు వాళ్లదే. చికెన్ మంచూరియన్‌ని 1975లో ముంబైలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ చేశారని చెబుతారు. ఆయన కలకత్తాలో పుట్టిన చైనీయుడు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ పోశారు. ఫ్యూజన్ అనే మాట మెనూల మీదకి రాకముందే జరిగిన పని ఇది, చాలా తెలివైన పని కూడా.

రుచి విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడి షెజ్వాన్ సాస్‌లో ఎండుమిర్చి, వెల్లుల్లి, వెనిగర్, పంచదార ప్రధానం. చైనాలోని సిచువాన్ వంటలో నాలుకని తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం ఉంటుంది. కొన్ని కొత్త చోట్ల ఆ మిరియం నిజంగానే వాడుతున్నారు. మాపో టోఫు, డాన్‌డాన్ నూడుల్స్ పక్కన మిరప గుర్తు ఒక్కటే ఉన్నా పెద్దవాళ్లకి ఆ తిమ్మిరి కొత్తగా ఉండి కంగారు పడొచ్చు. ముందే చెప్పి తినిపించండి. డాన్‌డాన్ మీద పల్లీలు చల్లుతారు, బాబుకి దూరం.

కొరమీను
మన సొంత ఫ్యూజన్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? హైదరాబాద్ మెనూల్లో అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్ ఉంటే తప్పక చెప్పండి. ఈ రెండూ సోయా, పెరుగు, కరివేపాకు ఒకే వోక్‌లో కలిసే వంటకాలు. దక్షిణాది బార్ అండ్ రెస్టారెంట్ వంటగదుల నైపుణ్యం కనబడేది వీటిలోనే.

అపోలో ఫిష్‌కి కొరమీను అయితేనే బాగుంటుంది. ముల్లు తీసి వేలెడు పొడవు ముక్కలు కోసి, గుడ్డు, కార్న్‌ఫ్లోర్, కొంచెం మైదా, అల్లంవెల్లుల్లి, కారంలో నానబెట్టి వేయిస్తారు. తర్వాత నిలువునా చీల్చిన పచ్చిమిర్చి, గుప్పెడు కరివేపాకు, వెల్లుల్లి నూనెలో చిటపటలాడాక గిలకొట్టిన పెరుగు, చెంచా సోయా సాస్ వేసి చేప ముక్కలు తిప్పుతారు. పెరుగు పెద్ద మంట మీద పోస్తే విరిగిపోయి ముక్కలకి తెల్లటి పలుకుల్లా అంటుకుంటుంది. మంట తగ్గించి, పెరుగులో అరచెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి పోస్తే విరగదు. ప్లేటు వచ్చాక చూడండి: పెరుగు కనబడకూడదు, ముక్క మీద మెరుపుగా పట్టి ఉండాలి, ప్లేటు అడుగున నీళ్లు ఉండకూడదు. నీళ్లు ఊరి, పొర జారిపోతుంటే అది గడ్డకట్టిన బాసా చేప, సరిగా కరగనివ్వకుండా పిండిలో ముంచారు. "కొరమీనా, బాసానా?" అని అడిగితే నిజమే చెప్తారు.

మెజెస్టిక్‌కి చికెన్‌ని వేళ్లలా సన్నగా కోసి మజ్జిగలో నానబెడతారు, అందుకే మెత్తగా ఉంటుంది. నమిలితే స్పాంజిలా ఎగిరొస్తూ, వెనక సబ్బు రుచి తగిలితే మజ్జిగ బదులు తినే సోడాతో పని కానిచ్చారన్నమాట. అరకిలోకి పావు చెంచా సోడా, ఇరవై నిమిషాల తర్వాత కడిగేస్తే తెలియదు. కడగకపోతే దాచలేరు.

కొండాపూర్_సత్య
చాలా థాంక్స్ అండి. అపోలో ఫిష్ ఖాయం. సుషీ గురించి ఎవరైనా చెప్పండి. ఇద్దరికి పచ్చి చేప తినాలనుంది, మిగతావాళ్లకి భయం. పెద్దవాళ్లకి అన్నం మాట కూడా.

నోరి
సత్య గారూ, పచ్చి చేప మంచి చోట తింటే భయపడక్కర్లేదు గానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "చేపని పచ్చిగా వడ్డించడం కోసమే ఫ్రీజ్ చేశారా?" అమెరికా ఆహార నియమాల ప్రకారం పరాన్నజీవులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు, లేదా మైనస్ 35 దగ్గర గట్టిపడేదాకా గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలి. తాజాగా నేరుగా మార్కెట్ నుంచి తెచ్చామని గర్వంగా చెప్తే అది సుషీకి మంచి మాట కాదు. ఇంకోటి, ఫ్రీజింగ్ బ్యాక్టీరియాని చంపదు. కరిగించాక చల్లగానే ఉంచాలి. ప్లేటులో చేప చల్లగా, అన్నం గోరువెచ్చగా ఉండటం సరైన పద్ధతి. అన్నం ఫ్రిజ్ చల్లదనంతో గట్టిగా, పొడిపొడిగా రాలిపోతుంటే ఉదయం చుట్టి పెట్టినవి. సుషీ బియ్యంలో వెనిగర్, పంచదార, ఉప్పు కలుపుతారు, ఫ్రిజ్‌లో పెడితే పిండి గట్టిపడిపోతుంది.

భయం ఉన్నవాళ్లకి టెంపురా రొయ్య రోల్, శాకాహారులకి దోసకాయ లేదా అవకాడో రోల్. టెంపురా రోల్ చెప్తే రాగానే తినాలి, వేడి ఆవిరి తగిలి పైన నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) మెత్తబడి రబ్బరులా సాగుతుంది. క్రాబ్ స్టిక్ అని కనిపించేది ఎక్కువగా తెల్ల చేపని రుబ్బి చేసింది, గుడ్డు తెల్లసొన, గోధుమపిండి కూడా ఉండొచ్చు. పచ్చగా ముద్దలా పెట్టే వసాబి చాలా చోట్ల రంగు వేసిన హార్స్‌రాడిష్, ఆవఘాటు ముక్కుకి ఎక్కుతుంది. పిల్లలు చట్నీ అనుకుని చెంచాడు నోట్లో పెట్టుకుంటారు, ప్లేటు రాగానే పక్కకి తీసేయండి. అల్లం ముక్కలు రోల్ మీద పెట్టుకోవడానికి కాదు, ఒక రకం తిన్నాక ఇంకో రకానికి ముందు నోరు శుభ్రం చేసుకోవడానికి.

వోక్‌మంట
పెద్దవాళ్ల అన్నానికి రెండు దారులు. థాయ్ కర్రీతో వచ్చే జాస్మిన్ రైస్ కొంచెం అంటుకునే రకం, చేత్తో కలుపుకుని తినడానికి మనకి హాయిగా ఉంటుంది. ఎల్లో కర్రీ కారం తక్కువ, పసుపు, కొబ్బరిపాలతో ఉంటుంది. ఆకుపచ్చచుక్క గారు చెప్పిన ప్రశ్నలు అడిగాక మాత్రమే చెప్పండి. కర్రీ పైన సన్నగా నూనె తేలితే భయపడకండి, కొబ్బరిపాల మీగడని వేయించినప్పుడు నూనె విడవడమే ఆ వంట పద్ధతి.

రెండోది ఖావ్‌స్వే. బర్మా వంట, కొబ్బరిపాలు, శెనగపిండితో చిక్కబరిచిన పులుసు. మన మజ్జిగపులుసు అలవాటున్నవాళ్లకి వెంటనే నచ్చుతుంది. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ వెళ్లి తిరిగొచ్చిన కుటుంబాలున్నాయి కాబట్టి మన ఇళ్లలో కొందరికి ఈ రుచి కొత్త కూడా కాదు. నూడుల్స్ బదులు అన్నం మీద పోసిమ్మంటే ఇస్తారు. వేయించిన వెల్లుల్లి, ఉల్లి, నిమ్మముక్క, కారం, గుడ్డు చిన్న గిన్నెల్లో విడిగా వస్తాయి. ఆ గిన్నెల్లో పల్లీలు కూడా ఉంటాయి! ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ గిన్నె తేవద్దని చెప్పాలి.

మోమోప్రియ
డిమ్‌సమ్, మోమోల దగ్గర చూడాల్సింది అంచులు. ఆవిరి మీది నుంచి అప్పుడే దించినవైతే పొర తడిగా మెరుస్తుంది. మడతల దగ్గర తెల్లగా ఎండి గట్టిగా ఉంటే మళ్లీ వేడిచేసినవి. బుట్ట అడుగు కాగితానికి అంటుకుని చిరిగితే లోపలి రసమంతా కారిపోతుంది. తీసేటప్పుడు పైనుంచి లాగకుండా పక్కనుంచి కదిపి ఎత్తండి.

మయోనీజ్ మాట. మోమోలు తిని జనం జబ్బుపడ్డ ఘటన తర్వాత 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే చేసింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు, బయట గంటల తరబడి గిన్నెలో ఉంచితే పెరుగుతుంది. గుడ్డు లేనిదా, ప్యాకెట్‌దా అని అడగండి. టేబుల్ మీద ముందునుంచే పెట్టి ఉన్న గిన్నెలోది ముట్టకండి.

బంజారా_భోజనం
తంగ్రా గారూ, ఒప్పుకుంటున్నాను, నెల్సన్ వాంగ్ సంగతి తెలీదు. మరి అజినమోటో వద్దని చెప్పాలా? ఇంకా ఆ ఎర్ర రంగు?

అల్లంవెల్లుల్లి
రెండూ వేరు వేరు విషయాలు. అజినమోటో అంటే మోనోసోడియం గ్లుటమేట్ (ఎమ్మెస్జీ). 1908లో జపాన్‌లో కికునాయె ఇకెదా కొంబు సముద్రపు నాచు నుంచి ఆ రుచిని వేరుచేశారు. అదే గ్లుటమేట్ టమాటాలో, సోయా సాస్‌లో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉంటుంది. "అజినమోటో వద్దు" అన్నా సోయా సాస్ పోసినంతవరకూ అది ప్లేటులో ఉంటుంది. సోడియం చూసుకుంటే ఉప్పులో సుమారు 39 శాతం, ఎమ్మెస్జీలో సుమారు 12 శాతం. అది మానేసి రుచి కోసం ఉప్పు, సోయా పెంచితే బీపీ ఉన్న పెద్దవాళ్లకి ఇంకా ఎక్కువ ఇబ్బంది. ఒక టేబుల్‌చెంచా మామూలు సోయా సాస్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. వాళ్లకి "సోయా సగం వేయండి, ఉప్పు వేరే వేయొద్దు" అని చెప్పడం మేలు.

రంగు మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులని నిషేధించింది. అప్పటి పరీక్షల్లో పీచు మిఠాయిలో రోడమైన్ బి దొరికింది, అది బట్టలకి వాడే రంగు, తిండిలో వేయడానికి వీల్లేనిది. మామూలు ఎండుమిర్చి కారం, డార్క్ సోయాతో మంచూరియా గోధుమ ఎరుపులో వస్తుంది. వేలికి, టిష్యూకి గులాబీ నారింజ మరక అంటుకుని పోకుండా ఉంటే అది మిరపకాయ రంగు కాదు. "కలర్ లేకుండా" అని చెప్తే చేసిస్తారు, కాశ్మీరీ మిర్చి వేస్తారు.

బిల్లుచూడు
క్లుప్తంగా: స్టార్ హోటల్ కాని మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, బిల్లులో 2.5, 2.5గా రెండు ముక్కలుగా కనబడుతుంది. సర్వీస్ ఛార్జ్ పన్ను కాదు. అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కలిపి ఉంటే తీసేయమని అడగండి, తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఇవ్వాలనిపిస్తే వడ్డించినవాళ్ల చేతికే ఇవ్వండి.

కొండాపూర్_సత్య
ఇదిగో అనుకున్న ఆర్డర్. మొదట: వెజ్ డిమ్‌సమ్ రెండు బుట్టలు, చికెన్ ఒకటి, గోబీ మంచూరియా డ్రై కలర్ లేకుండా, అపోలో ఫిష్ రెండు, దోసకాయ రోల్, సాల్మన్ ఒకటి, వెజ్ మంచో సూప్ నాలుగు. తర్వాత: ఎల్లో కర్రీ, ఖావ్‌స్వే అన్నంతో పల్లీలు లేకుండా, ఎగ్ ఫ్రైడ్ రైస్ రెండు, వెజ్ హక్కా రెండు, చికెన్ మెజెస్టిక్. సరిపోతుందా? మిగిలితే పార్సిల్ ఎలా?

ఆకుపచ్చచుక్క
మంచో సూప్‌కి చికెన్ స్టాక్ కాకుండా నీళ్లో, కూరగాయల స్టాకో వాడమని చెప్పండి. పైన వేసే వేయించిన నూడుల్స్ విడిగా తెమ్మంటే చివరిదాకా కరకరలాడతాయి. ఎగ్ ఫ్రైడ్ రైస్ ఒకటి తగ్గించి ఒకటి వెజ్ చేయండి. లేకపోతే గుడ్డు తినని ఇద్దరికీ నూడుల్స్ తప్ప గతి ఉండదు.

వోక్‌మంట
పది మందికి ఇది కొంచెం ఎక్కువే. అపోలో ఫిష్ ఒకటితో మొదలుపెట్టండి, రెండోది కావాలంటే పది నిమిషాల పని.

పార్సిల్‌కి: మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో వేడి వేపుళ్లు పెడితే ఆవిరి నీరై వాటి మీదే పడుతుంది. మూత కొంచెం తెరిచి ఉంచి, చల్లారాక మూయమనండి. గ్రేవీ, ముక్కలు వేరు డబ్బాలు. ఇంటికెళ్లాక ముక్కలు ఎయిర్‌ఫ్రయ్యర్‌లో 180 దగ్గర నాలుగైదు నిమిషాలు, లేదా ఇనుప పెనం మీద నూనె లేకుండా తిప్పితే పొర మళ్లీ గట్టిపడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతుంది.

ఫ్రైడ్ రైస్, ఖావ్‌స్వే అన్నం మాత్రం అలసత్వం వద్దు. అన్నంలో ఉండే బాసిల్లస్ సెరియస్ బీజాలు ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. మధ్యాహ్నం రెస్టారెంట్ నుంచి సినిమాకి వెళ్లి, కారులో పార్సిల్ పెట్టి, రాత్రి తిందామనుకుంటే అన్నం అక్కడే వదిలేయండి. నేరుగా ఇంటికెళ్తే వెంటనే పలచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజు పొగలు కక్కేలా ఒక్కసారే వేడిచేసి తినేయండి.

నోరి
సాల్మన్ మిగిలితే పార్సిల్ వద్దు. ఎనిమిది ముక్కల ప్లేటు చెప్తే ఇద్దరికి సరిపోతుంది, వచ్చిన వెంటనే పూర్తిచేయమనండి.